మోటారు బావిలో వాసన

“ఇదేంటి?”

“కొబ్బరినూనె, మేడమ్.”

“ఇది?”

“మోకాళ్ల నొప్పికి రాసుకునే మందు.”

నూరా మేడమ్ సీసా మూత తీసి వాసన చూసింది. మొహం చిట్లించి పక్కన పెట్టింది. వరండాలో పరిచిన చాప మీద రత్తమ్మ సంచిలోని సామానంతా కుప్పగా పడి ఉంది. నాలుగు నైటీలు, మూడు చీరలు, ఆవకాయ డబ్బా, మనవరాలి ఫొటో. మూడేళ్లుగా ఈ ఇంట్లో తనదంటూ ఉన్నదంతా ఆ ఒక్క చాప మీద పట్టేసింది.

“నీళ్లలో ఏం కలిపావో చెప్పెయ్ రత్తమ్మా. పోలీసుల దాకా వెళ్లకుండా చూస్తాను.”

“నేనేమీ కలపలేదు మేడమ్. ఆ నీళ్లే వాసనొస్తున్నాయి. పది రోజుల్నుంచి చెబుతూనే ఉన్నాను కదా!”

వచ్చీరాని అరబ్బీలో ఆ మాట అనడం ఇది ఎన్నోసారో ఆమెకే లెక్క తెలియలేదు.

నిజమే, పది రోజులుగా చెబుతూనే ఉంది. ఆ ఇంటికి రెండు రకాల నీళ్లు. తాగడానికీ వంటకీ లారీలో తెప్పించి సంపులో పోయించుకునే మంచినీళ్లు. స్నానాలకూ అంట్లకూ ఖర్జూరం చెట్లకూ తోటలోని మోటారు బావి నీళ్లు. ఆ బావి నీళ్లు వేడి చేస్తే చాలు, స్నానాలగదిలో తల తిరిగేలా వాసన కొడుతోందని మొత్తుకుంటే, “ఈ నజ్రాన్ ఊళ్లో పాత బావులన్నీ అంతే” అని మేడమ్ కొట్టిపారేసింది.

మూడు రోజుల కిందట, మేడమ్ అత్తగారికి తలుపు వేసి వేడినీళ్లు పోస్తుండగా ఆ పెద్దామె ఉన్నట్టుండి రత్తమ్మ చేతుల్లోకి వాలిపోయింది. ఇక్కడ పనివాళ్లు ఇంటి పెద్దావిడని ‘మామా’ అంటారు. రత్తమ్మ నోట్లో అది మొదటి నెలలోనే ‘మామ్మగారు’ అయిపోయింది. తన కళ్లు కూడా బైర్లు కమ్ముతుంటే, ఆ డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని గడప దాకా ఈడ్చుకొచ్చి కేక పెట్టింది. అంతే తనకు గుర్తున్నది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ వేడినీళ్ల కుళాయి తిప్పలేదు.

గేటు బయట కారు ఆగింది. ఇంటి యజమాని సాలెం ఆసుపత్రి నుంచి వచ్చాడు. పనివాళ్లందరికీ ఆయన ‘బాబా’. మూడు రాత్రులు నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“అమ్మ కళ్లు తెరిచింది,” అన్నాడు చెప్పులు విడుస్తూనే.

“అల్‌హందులిల్లా!” అని గుండె మీద చెయ్యి వేసుకుంది మేడమ్.

రత్తమ్మ రెండు చేతులూ జోడించింది. ఎవరూ తన వైపు చూడలేదు.

“గుండె బాగానే ఉందట. కిరసనాయిలో పెట్రోలో, అలాంటిదేదో ఆవిరి పీల్చింది అంటున్నాడు డాక్టరు. మూసిన గదిలో అది ఎక్కణ్ణుంచి వచ్చిందని నన్నే అడుగుతున్నాడు.”

మేడమ్ చాప వైపు చూసింది, తర్వాత రత్తమ్మ వైపు. “విన్నావా? ఏ మందు పోసి కడిగావు ఆ గది?”

“గది కాదు మేడమ్. నీళ్లు. ఒక్కసారి బాబాని చూడమనండి. బకెట్ నింపి చూడమనండి. నేను చెప్పేది అబద్ధమైతే ఈ క్షణమే పంపెయ్యండి.”

సాలెం లోపలికి నడిచాడు. వేడినీళ్ల కుళాయి తిప్పాడు. బకెట్ సగం నిండాక వంగి వాసన చూశాడు. చేత్తో తీసి నోట్లో పోసుకుని పుక్కిలించాడు.

“ఏ వాసనా లేదు.”

రత్తమ్మ పరుగున వచ్చి బకెట్ మీదకి వంగింది. నిజంగానే ఏమీ లేదు. తీయటి మంచినీళ్లు.

ఆమె చుట్టూ చూసింది. గుమ్మంలో తోట పనివాడు హన్మాండ్లు నిలబడి ఉన్నాడు. మోటారు నడిపేదీ, చెట్లకు నీళ్లు కట్టేదీ, ట్యాంకు నింపేదీ అతనే. జగిత్యాల వైపు మనిషి. ఈ ఇంట్లో ఆమెతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే.

“చెప్పండన్నయ్యా! మీకూ వచ్చింది కదా వాసన?”

హన్మాండ్లు నేల చూపులు చూశాడు. తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకున్నాడు.

“చాలు,” అన్నాడు సాలెం. “రేపు సాయంత్రం విమానానికి పంపించేద్దాం. దేశం వదిలి వెళ్లడానికి ఖురూజ్ కాయితం నేను చూసుకుంటాను. ఇక మళ్లీ రానక్కర్లేదు.”

*

వంటింటి వెనక బట్టలు తీస్తుంటే రత్తమ్మ కాలికి ఏదో తగిలింది. పచ్చ రబ్బరు పైపు. మంచినీళ్ల సంపులోంచి మొదలై, గోడ వెంట పాకి, డాబా మీది ట్యాంకులోకి వెళ్లింది.

ఆ ట్యాంకులో ఉండవలసినవి బావి నీళ్లు.

ఆమె చేతిలో బట్టలు అలాగే పట్టుకుని తోటలోకి నడిచింది. హన్మాండ్లు ఒక ఎండు మట్టను కోసి పక్కకి లాగుతున్నాడు. ప్రహరీగోడ వైపు చెట్లు నాలుగు వారాలుగా ఎండుతున్నాయి.

“డాబా మీద ట్యాంకు కడిగేసి, మంచినీళ్లు నింపింది నువ్వేనా?”

“మెల్లగ మాట్లాడు చెల్లె.”

“నువ్వేనా అని అడుగుతున్నాను.”

హన్మాండ్లు కత్తి కింద పెట్టాడు. “అవ్వ పడిపోయినంక పానం ఆగలే. ఇంకెవ్వలన్న పడ్తరేమో, నువ్వే పడ్తవేమో అని భయమైంది. గా పొద్దే మోటర్ బంజేసిన. ట్యాంక్ కడిగి మంచినీళ్లు వెట్టిన. నిన్ను ఇరికియ్యాలని జెయ్యలే. నా పిల్లల మీద ఒట్టు.”

“మరి ఇందాక నోరెందుకు పెగల్లేదు?”

 రత్తమ్మ కదల్లేదు.  చివరికి హన్మాండ్లు తల తిప్పి ప్రహరీగోడ అవతలికి చూశాడు. గోడ వెనక, రోడ్డు పక్కన, పెట్రోలు బంకు రేకుల కప్పు మెరుస్తోంది.

“గాడ మా సదానందం పని జేస్తడు. ఎర్కే గద?”

“మీ బామ్మర్ది.”

“నా పెండ్లాం తమ్ముడు. వీసా వంపి నేనే తీస్కచ్చిన. బంకు కింద భూమిల ట్యాంక్ కారుతున్నదట. రోజు కట్టె వెట్టి కొలుస్తడు గద, అమ్మకున్నా తగ్గుతున్నదట. రెండు నెలలాయె. మేనేజరుకు జెప్తే, నోర్మూస్కోని పని జేస్కో, బయట అన్నవంటే పారిపోయినవని రాయిస్త అన్నడట. గా హురూబ్ వడ్డదంటే వాని బతుకు ఆగమే చెల్లె. పట్కపోయి లోపలేస్తరు. చెల్లెండ్లు ఇద్దరున్నరు ఇంటికాడ…”

“అయితే నీకు రెండు నెలల్నుంచి తెలుసన్నమాట.”

“నీళ్లకు వస్తదని ఎర్కలే. బావిల వాసన పది రోజులకెల్లే.”

“పది రోజులు!” రత్తమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. “వారం రోజులు ఆ ముసలి ప్రాణాన్ని ఆ నీళ్లతోటే కడిగాను. ఈ చేతులతోటే. అది నేనే చేశానని ఇంట్లో అందరూ అంటుంటే నువ్వు తువ్వాలు సర్దుకున్నావు.”

“వారం ఓపిక వట్టు చెల్లె. ఏదన్న ఉపాయం జేస్త.”

“వారానికి నేను మా ఊళ్లో ఉంటాను, విషం పెట్టి వచ్చినదాన్నని. నేనిప్పుడు వెళ్లి బాబాకి చెప్పినా ఎవరూ నమ్మరు. నమ్మకుండా చేసింది నువ్వే. నువ్వు చెబితే నమ్ముతారు. చెప్తావా, చెప్పవా?”

హన్మాండ్లు కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ కత్తి అందుకుని ఎండు మట్ట మీదకి వంగాడు.

రత్తమ్మ వెనక్కి వచ్చేసింది.

*

సాయంత్రం నాలుగింటికి సాలెం తోటలోకి వెళ్లాడు. రత్తమ్మ వరండాలో కూర్చుని చీరలు మడత పెడుతోంది. మేడమ్ ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తోంది. 

“మోటారు కాలిపోయిందన్నావు. మెకానిక్ ఏడీ?” తోటలోంచి సాలెం గొంతు పెద్దగా వినిపించింది. “మూడు రోజులైంది. చెట్లన్నీ చచ్చిపోతున్నాయి!”

“రేపొస్తాడు బాబా.”

“రేపు, రేపు! నేనే చూస్తాను. మూత తియ్యి.”

“వద్దు బాబా. లోపల చీకటి.”

“తియ్యమన్నాను!”

ఇనప మూత రాళ్ల మీద జరిగిన చప్పుడైంది. రత్తమ్మ తలెత్తింది. తాతల నాటి రాతి బావి అది, దాని అడుగున మోటారు. సాలెం బావి గట్టు మీద మోకాళ్ల మీద వంగి లోపలికి తొంగి చూస్తున్నాడు. ఏమీ కనబడలేదు కాబోలు, జేబులోంచి లైటరు తీశాడు.

“వద్దు సేటూ!”

ఆ అరుపు తెలుగులో వచ్చింది. మరుక్షణం హన్మాండ్లు యజమాని మీద పడ్డాడు. ఇద్దరూ మట్టిలో దొర్లారు. లైటరు ఎగిరి దూరంగా చెట్టు మొదట్లో పడింది.

మేడమ్ కుర్చీలోంచి లేచి కేక వేసింది. రత్తమ్మ ఒళ్లోని చీర కింద పడేసి పరుగెత్తింది.

సాలెం లేచి కూర్చున్నాడు. తలగుడ్డ ఊడిపోయింది, గడ్డం నిండా మట్టి. పదకొండేళ్లుగా తన ముందు తలెత్తి నిలబడని మనిషి తన మీద చెయ్యి వేశాడన్నది ఆయనకింకా అర్థమవుతున్నట్టు లేదు.

“నీకు పిచ్చి పట్టిందా?”

“పెట్రోలు బాబా!” హన్మాండ్లు ఎగశ్వాసతో అన్నాడు. “బావి నిండా పెట్రోలు. మంట తగిలితే నువ్వూ నేనూ ఎవరం మిగలం.”

 మూత తీసిన బావిలోంచి ఆ వాసన మెల్లగా పైకి వస్తోంది. ఈసారి దాన్ని అందరూ పీల్చారు. మేడమ్ అబాయా అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

హన్మాండ్లు ఒక ఖాళీ నీళ్ల సీసాకి తాడు కట్టి, రాయి కట్టి, బావిలోకి వదిలాడు. పైకి లాగి సాలెం చేతికిచ్చాడు. కింద నీళ్లు, పైన వేలెడు మందాన లేత ఎరుపు పొర.

సాలెం సీసాని ఎండకెత్తి చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని భార్యకిచ్చాడు. ఆమె మూత తీయలేదు. తీయక్కర్లేదు కూడా.

“కుళాయిలో ఎందుకు రాలేదు మరి?”

“నేనే కడిగి మంచినీళ్లు నింపాను బాబా. ఆమె చెప్పింది నిజం. మొదట్నుంచీ నిజమే చెప్పింది. తెలిసి నోరు మూసుకున్నది నేను. గోడ అవతల బంకు ట్యాంకు కారుతోంది.”

“బంకు ట్యాంకు కారుతోందా? నీకెవరు చెప్పారు?”

హన్మాండ్లు కింద పడిన తలగుడ్డ దులిపి ఆయనకి అందించాడు. “ఎవరూ చెప్పలేదు బాబా. వాసన బట్టి అనుకున్నాను.”

రత్తమ్మ అతని మొహంలోకి చూసింది. ఇది అబద్ధమని ఆమెకి తెలుసు. నోరు తెరిస్తే సదానందం పేరు బయటికొస్తుంది. ఇందాకటి కోపానికి అనేసి ఉండవలసిందే.

అనలేదు. ఎందుకు అనలేదో తర్వాత ఆలోచించుకోవచ్చుననుకుంది. ముందు గట్టు మీద కూలబడి, మూడు రోజులుగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. మేడమ్ రెండడుగులు దగ్గరికి వేసి, ఆగిపోయి, మళ్లీ ఇంకో అడుగు వేసి, ఆమె పక్కనే మట్టిలో కూర్చుంది.

*

మర్నాడు పొద్దున్నే బలదియా జీపులు రెండొచ్చాయి. మున్సిపాలిటీ అధికారులు బావి నీళ్లు సీసాల్లో పట్టుకున్నారు. గోడ అవతల బంకు చుట్టూ పసుపు తాడు కట్టారు. పదింటికల్లా కార్లు రావడం ఆగిపోయింది. మట్టిలోకి సన్నటి గొట్టాలు దించి చూసి, పడమటి ట్యాంకు అడుగున తుప్పు తినేసిందని తేల్చారు. కారినదంతా మట్టిలో ఇంకి, పల్లంలో ఉన్న ఈ బావికి చేరిందట. బాగు చెయ్యడానికి నెలలు పడుతుందనీ, అప్పటిదాకా చెట్లకు కూడా ఆ నీళ్లు వాడొద్దనీ రాసిచ్చారు. ఇంట్లో అందరికీ రక్తపరీక్షలు చేయించారు.

మధ్యాహ్నానికి మామ్మగారు ఇంటికొచ్చింది. చక్రాల కుర్చీలో గడప దాటుతూనే ఆమె అడిగిన మొదటి మాట, “రత్తా ఏదీ?”

“ఇక్కడే ఉన్నాను మామ్మగారూ!”

“నాలుగు రోజులు నా జుట్టు ఎవరూ దువ్వలేదు. ఆ నర్సులకి చేతులు లేవు.”

రత్తమ్మ నవ్వింది. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఊపిరితిత్తులు బాగున్నాయనీ, రెండు వారాలు జాగ్రత్తగా ఉంటే చాలనీ డాక్టరు చెప్పాడట. ఇంట్లో వాళ్ల రక్తపరీక్షల్లో కూడా భయపడవలసినదేమీ లేదని సాలెం ఫోన్‌లో విని చెప్పాడు. ఆ మాట వినగానే మేడమ్ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. నాలుగు రోజుల తర్వాత ఆ ఇంట్లో అందరూ ఒకేసారి గట్టిగా ఊపిరి తీసుకున్నట్టనిపించింది రత్తమ్మకి.

ఆమె మామ్మగారి జడ విప్పుతుండగా సాలెం లోపలికొచ్చాడు. వెనకాలే హన్మాండ్లు, చేతులు కట్టుకుని.

“ఇతను నన్ను కాపాడాడు,” అన్నాడు సాలెం. “ఇతనే వారం రోజులు మా అమ్మని ఆ నీళ్లకి వదిలేశాడు. ఉంచాలో పంపించాలో నాకు తెలియడం లేదు. మా కంటే ఎక్కువ నష్టం నీకు చేశాడు. నువ్వు చెప్పు.”

దువ్వెన రత్తమ్మ చేతిలో ఆగిపోయింది.

తనని అడుగుతున్నారు. నిన్న పొద్దున తన మాట ఎవరికీ పట్టని ఇదే ఇంట్లో, ఇవాళ ఒక మనిషి బతుకు తన నోటి మీద పెట్టారు. ఆమెకి సంతోషం వెయ్యలేదు, భయం వేసింది.

హన్మాండ్లు వైపు చూసి తెలుగులో అంది: “మీ బామ్మర్ది కోసం నన్ను బలిపెట్టారు. అది నేను మర్చిపోలేను అన్నయ్యా. మా అబ్బాయి అక్కడుండి ఉంటే నేనేం చేద్దునో, అది కూడా నాకు తెలీదు.”

“నన్ను పంపుమను చెల్లె. నాకేం బాధ లేదు. సదానందం పేరు మాత్రం…”

“చెప్పనండీ.”

మామ్మగారు వెనక్కి తిరక్కుండానే, “ఏమంటున్నాడు?” అని అడిగింది.

“తప్పయిందంటున్నాడు మామ్మగారూ.” రత్తమ్మ సాలెం వైపు తిరిగింది. “ఉండనివ్వండి బాబా. భయపడ్డాడు. భయపడినవాణ్ణి పంపేస్తే, రేపింకొకడు ఇంకా భయపడతాడు. అప్పుడెవరూ ఏదీ చెప్పరు.”

సాలెం సరేనన్నట్టు తలూపి, బంకు దగ్గరున్న అధికారుల వైపు వెళ్లాడు. 

వంటింట్లో రత్తమ్మ కంచంలో అన్నం పెట్టి, పప్పు వేసి, ఆవకాయ ముక్క వేసి హన్మాండ్లు ముందు జరిపింది. అతను ఏదో అనబోయాడు.

“ముందు తినండి. మాటలు తర్వాత. ఎన్నాళ్లు పడుతుందో నాకే తెలీదు.”

అతను రెండు ముద్దలు కూడా తినకముందే వెనక తలుపు దగ్గర నీడ పడింది. సదానందం. బంకు చొక్కా మీదే ఉన్నాడు, మొహం పాలిపోయి ఉంది.

“బావా, నేనే జెప్పిన.”

హన్మాండ్లు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “ఏం జెప్పినవ్‌రా?”

“బలదియా వాళ్లకు అన్ని జెప్పిన. రోజు కొలిచినయి నా ఫోన్ల ఫొటోలు తీసి పెట్టుకున్న, అవన్ని చూపెట్టిన. ఇగ నాతోని కాలే బావా. అవ్వ దవాఖానల వడ్డదని తెలిసినకెల్లి నిద్రలేదు. ఆఫీసరు నా పేరు రాస్కున్నడు. సాక్షిని హురూబ్ జెయ్యనియ్య అన్నడు.”

హన్మాండ్లు ఎంగిలి చేత్తోనే బామ్మర్దిని దగ్గరికి లాక్కున్నాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడుస్తుంటే రత్తమ్మ మొహం తిప్పుకుని, గిన్నెలో అన్నం ఇంకొకరికి సరిపోతుందో లేదో చూసింది.

“ఇంకోటి ఉన్నది అక్కా,” అన్నాడు సదానందం గొంతు తగ్గించి. “మొదలు వాసన వట్టింది నువ్వేనని ఆఫీసరు కాయితంల రాసిండు. గా కాయితం మా మేనేజరు సదివిండు. ఇప్పుడు గేటుకాడ ఉన్నడు. వెంబడి ఇంకో ఇద్దరున్నరు. రత్తమ్మ ఎవరని అడుగుతున్నడు.”

 గేటు గంట ఒకసారి మోగింది. మళ్లీ మోగింది.

సాలెం అధికారులతో బంకు దగ్గరున్నాడు. ఇంటివాళ్లలో ఆడవాళ్లు తప్ప ఎవరూ లేరు. హన్మాండ్లు చెయ్యి కడుక్కుని లేవబోయాడు.

“నువ్వు కూర్చో,” అని గుమ్మంలోంచి వినిపించింది. నూరా మేడమ్. అబాయా వేసుకుని, మొహం మీద ముసుగు సర్దుకుంటోంది. గేటు బయట అరబ్బీలో రత్తమ్మ ఎవరని అడుగుతున్నది ఆమె చెవిన పడ్డట్టుంది. తెలుగు ఒక్క ముక్క తెలియకపోయినా ఆ గంట ఎవరిదో, ఆ మొహాల్లో భయం ఎందుకో ఆమెకి అర్థమైనట్టే ఉంది.

“నా ఇంటి మనిషితో మాట్లాడాలంటే ముందు నాతో మాట్లాడాలి,” అంది. గడప దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే, “నేను నిన్ను నమ్మలేదు రత్తమ్మా,” అంది. 

ఆమె గేటు వైపు నడిచింది. రత్తమ్మ కొంగుకి చేతులు తుడుచుకుని వెనకాలే వెళ్లింది. ఇనప తలుపు సగం తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న బంకు మేనేజరు మేడమ్‌ని దాటి లోపలికి చూస్తూ, “ఇక్కడ రత్తమ్మ ఎవరు?” అన్నాడు.

మేడమ్ జవాబు చెప్పేలోపే రత్తమ్మ ఆమె వెనక నుంచి వచ్చి, పక్కన నిలబడింది.

“నేనే,” అంది.